లెక్కలో లేని కాన్పు

నాలుగో నెల. సోమవారం.

పొద్దుటి షిఫ్టులో మూడో తొట్టి పొంగింది. నురగంతా గరిటెతో తీసి పారబోసి, దాని కింద నాచులోంచి తేలిన కొవ్వును అచ్చుల్లో పోశాను. చల్లారితే అవే బిళ్ళలు. పొద్దున బిళ్ళ, సాయంత్రం బిళ్ళ, పండగనాడు ఉప్పు ఎక్కువేసిన బిళ్ళ. గనిలో అందరి కడుపులూ నింపేవి మా తొట్లే. పైన ఎండకు గడ్డిపోచ కూడా నిలవదు. బొగ్గు తవ్వేసి వదిలిన ఈ సొరంగాల్లోకి మా తాతల తరం దిగింది. మేమిక్కడే పుట్టాం.

షిఫ్టు దిగి కాన్పుల గదికి వెళ్ళాను. ఆ గది కళక్కది. మా సొంత అక్క. గనిలో డాక్టరంటే ఆమే.

"చెయ్యి ఇటు తే," అంటూ మోచేతి పైన మెత్తటి పట్టీ బిగించింది. దాని మీద రెండు చిన్న దీపాలున్నాయి. "ఎర్రది వెలిగితే ఒంట్ల ఎక్కడో వాపున్నట్టు. పసుపుది వెలిగితే నెత్తుట్ల కొవ్వు ఎక్కువైనట్టు. ఒకటి వెలిగితే భయం లేదు. రెండూ వెలిగితే నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు ఎక్కువ."

"ముప్పంటే? అయితదనా?"

"అట్ల కాదు. అయ్యెటోళ్లు ఎక్కువ మందుంటరు, అంతే. కానోళ్లు కూడ ఉంటరు."

పట్టీ బిగించిన కాసేపటికే పసుపు దీపం వెలిగింది. నాకు నవ్వొచ్చింది. పొద్దస్తమానం కొవ్వు కలిపి, ఆ కొవ్వే తినేదాని నెత్తురు ఇంకెలా ఉంటుంది? అక్క మాత్రం నవ్వలేదు. పెళ్ళైన ఆరేళ్ళకు నిలిచిన కడుపు ఇది. అక్కకు తెలుసు.

నాలుగో నెల చివర.

ఎర్ర దీపమూ వెలిగింది. నోరు కడుక్కుంటుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు కారడం కొత్త కాదు. మా ఇళ్ళ వరసలో అందరికీ కారుతుంది. బొగ్గుదుమ్ము పళ్ళ సందుల్లో చేరి రాయిలా గడ్డకడుతుంది. అక్క నోరు తెరిపించి చూసి తల పట్టుకుంది.

"చిగుళ్ళు గిట్ల చీము పడితే చెప్పవేంది? నోట్లె వాపు నోట్లెనే ఉంటదనుకున్నవా? నెత్తుట్లకు ఎక్కుతది."

"మందు ఇయ్యి మరి."

"మందు తెల్లగదికే ఉన్నది."

తెల్లగది కాన్పుల గది పక్కనే ఉంది. గాలిని మూడు గుడ్డల్లోంచి వడకట్టి లోపలికి పంపుతారు. దీపాల వెలుగులో పెంచిన ఆకుకూర, నిజమైన పప్పు అక్కడే దొరుకుతాయి. ఉన్నది ఒక్కటే మంచం. రెండు దీపాలూ వెలిగిన ఆడవాళ్ళ కోసమే ఆ గది కట్టారని చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది.

"నన్ను పండబెట్టు ఆ మంచం మీద," అన్నాను.

అక్క పట్టీ వైపే చూస్తూ మాట్లాడింది. "స్రవంతిని పండబెడుతున్నం."

స్రవంతి మేనేజరు రాజలింగం కోడలు. ఆమెకు రెండో నెల. మేనేజర్ల వరస పై అంతస్తులో ఉంటుంది. అక్కడికి దుమ్ము అంతగా చేరదు. వాళ్ళ తిండీ వేరు. ఆమె పట్టీ మీద ఒక్క దీపం కూడా వెలగలేదు.

"ఏ దీపం వెలగనామెకు మందెందుకే?"

"గనులన్నిటికి చల్లగాలి పంపే పై సంఘపోళ్లు ఏడాదికోసారి వచ్చి చూస్తరు. నెలలు నిండి, మంచి బరువుతోని పుట్టిన పిల్లలు ఎందరని. అది చూసే మనకు చల్లగాలి ఇస్తరు. ముందుగాల పుట్టి చచ్చిన పిల్లలు లెక్కల ఎక్కువైతే గాలి కోస్తరు. ఇగ చెప్పు. ఓటికుండల ఎవరన్న నీళ్లు పోస్తరా?"

సొంత అక్క నా పొట్టకు ఓటికుండ అని పేరు పెట్టింది. ఆమె ముఖం కోపంగా లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఐదో నెల.

ఒక రోజు అక్క తొట్ల దగ్గరికే వచ్చి, అందరి ముందూ నా పట్టీ విప్పేసింది. చర్మం మీద తెల్లటి గీత మిగిలింది.

"బాగైపోయినట్టేనా?" అనడిగాను, ఆశగా.

"కాదు. నీ పేరు లెక్కల నుంచి తీసేసిన్రు. ఇగ నువ్వు కడుపుతోనున్నట్టు రాసుండదు. కాన్పుల గదికి రావొద్దు. వెచ్చపెట్టె నీకు రాదు."

వెచ్చపెట్టె అంటే నెలలు నిండని పిల్లల్ని ఉంచే అద్దాల పెట్టె. గనిలో ఒక్కటే ఉంది.

"ఇంకెవరెవరివి తీసేసిన్రు?"

అక్క విప్పిన పట్టీని చేతిలో చుట్టింది. "అందరివీ. కింది వరసల కడుపుతోనున్నోళ్లందరికీ రెండు దీపాలూ వెలిగినయ్. ఈ ఏడు లెక్కల ఉన్నది స్రవంతి ఒక్కతే."

గరిటె పట్టుకున్న ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. అచ్చులో పోసిన బిళ్ళలు మా ముందే గడ్డకడుతున్నాయి.

నా భర్త పోశం ఫ్యాన్లు బాగుచేసే మనిషి. ఎవరితోనూ గొడవపడడు. అలాంటివాడు మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు.

"ఏమన్నడు?"

"మన వరస ఫ్యాను పాతదైంది, ఎప్పుడన్న ఆగచ్చన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఊకో సరోజనా."

మా అత్త మల్లవ్వ మూల కూర్చుని విన్నది. మర్నాటి నుంచి, నా నెత్తుట్లో కొవ్వు తగ్గాలని నా బిళ్ళలో సగం తానే తినేసి, ఆ లోటుకు పుట్టగొడుగులు పెట్టడం మొదలుపెట్టింది. సొరంగం కప్పు కూలకుండా నిలబెట్టిన తడి దుంగల మీద అవి మొలుస్తాయి. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి కోసుకొచ్చేది. మూడు పూటలా ఉప్పునీళ్ళు కాచి నా ముందు పెట్టేది. "పుక్కిలించు. ఇంకోపాలి. ఊంచెయ్యి. ఎర్రగ వస్తున్నదా ఇంకా?" అని సత్తుగిన్నెలోకి వంగి చూసేది. ఆమెకు చూపు బాగానే ఆనుతుంది. 

ఏడో నెల.

ఈశ్వరికి తొట్ల దగ్గరే నొప్పులొచ్చాయి. నా పక్క తొట్టి ఆమెది. ఆమె పట్టీ కూడా నాతో పాటే తీసేశారు. ఆరో నెల దాటి కొన్ని రోజులే అయింది.

ఆమెను జబ్బల కింద పట్టుకుని కాన్పుల గది దాకా మోసుకెళ్ళాం. అక్క తలుపు తెరిచింది. లోపల వెచ్చపెట్టె ఖాళీగా ఉంది. అద్దం తుడిచి, లోపల తెల్లగుడ్డ పరిచి సిద్ధంగా పెట్టారు.

"ఎవరి కోసమే అది?" అని అరిచాను.

"స్రవంతికి అవసరం పడచ్చు."

"ఆమెకింకా ఐదో నెలే!"

"గిది నా చేతుల లేదు, చెల్లె." అక్క తలుపు వేసేసింది.

గడప బయట, నేల మీద, ఈశ్వరి కన్నది. పిల్ల జానెడు పొడవుంది. నోరు తెరిచి మూసింది, శబ్దం రాలేదు. ఈశ్వరి దాన్ని తన రవికెలో, రొమ్ముల మధ్య పెట్టుకుని, "వెచ్చగనే ఉన్నది, వెచ్చగనే ఉన్నది" అంటూ ఉండిపోయింది. షిఫ్టు మారే గంట కొట్టే వేళకు ఆ మాట ఆపేసింది.

మర్నాడు ఈశ్వరి పనికొచ్చింది. రాకపోతే బిళ్ళ ఇవ్వరు.

ఎనిమిదో నెల.

తొట్ల దగ్గర ఎవరూ నా పక్కన నిలబడడం లేదు. ఈశ్వరి తర్వాత నా వంతేనని అందరికీ లోపల ఉంది. నాకూ ఉంది. వంగితే భయం, దగ్గితే భయం. రెండుసార్లు నడుము పట్టేసి పొట్ట బిగిసింది. మల్లవ్వ నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నీళ్ళు తాగిస్తూ కూర్చుంది. బిగువు వదిలేసింది. ఉమ్మిలో ఎరుపు ఇప్పుడు కనబడడం లేదు. దానివల్లే కడుపు నిలిచిందో, నిలవాల్సి ఉండి నిలిచిందో నాకు తెలియదు. పట్టీ ఉంటే తెలిసేదేమో.

తొమ్మిదో నెల. బుధవారం.

స్రవంతికి నిన్న కాన్పైంది. తెల్లగదిలో, వడకట్టిన గాలిలో, ఒక్క దీపమూ వెలగకుండా, ఏడో నెలలో.

ఎందుకో ఎవరికీ తెలియదట. బిడ్డను వెచ్చపెట్టెలో పెట్టారు. తల్లికి కూడా చూపించలేదు. గనంతా గుసగుసలు. ఈ ఏడు లెక్కలో ఉన్న ఒక్క కాన్పూ ఇలా అయితే చల్లగాలి సంగతేమిటని మగవాళ్ళు ఫ్యాన్ల కింద గుంపులుగా చేరారు.

నాకు సంతోషమేసింది. పెట్టెలోని ఆ బిడ్డ ఏం పాపం చేసిందని మనసు అడుగుతూనే ఉంది, అయినా వేసింది. ఈశ్వరి నన్ను చూసి తొట్టి మీదుగా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

నా పొట్ట కిందికి దిగింది. మల్లవ్వ చెయ్యి వేసి చూసి, "నెలలు నిండినయ్ బిడ్డా. ఇగ ఎప్పుడన్న కావచ్చు," అంది.

కాన్పు తర్వాత. ఏ రోజో సరిగ్గా తెలియదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం షిఫ్టు సగంలో నొప్పులొచ్చాయి. కాన్పుల గదికి రానివ్వరు కాబట్టి ఇంటికి వచ్చేశాను. పోశం పనిలో ఉన్నాడు. మల్లవ్వ నీళ్ళు కాచింది. ఎవరూ పిలవకుండానే కళక్క వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఎంతైనా అక్క, ఉండబట్టలేక వచ్చిందనుకున్నాను. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

బిడ్డ జారిపడగానే కేరుమంది. గది దద్దరిల్లేలా ఏడ్చింది. మల్లవ్వ గట్టిగా, "ఆడపిల్ల! ఎంత పెద్దగున్నదే తల్లీ, ఆడపిల్ల!" అంది. నేను తల ఎత్తి చూశాను. తడి జుట్టు, మడతలు పడ్డ తొడలు, కొట్టుకుంటున్న కాళ్ళు. చేతులు చాచాను.

"తుడిచి ఇస్త," అని అక్క ఎత్తుకుంది. నా నోటికి ఏదో చేదు నీళ్ళు పట్టింది. "నొప్పి తగ్గుతది, తాగు."

కళ్ళు తెరిచేసరికి పోశం పక్కన కూర్చుని ఉన్నాడు. నా ఛాతీ మీద గుడ్డ మూట ఉంది. బరువే లేదు. చల్లగా ఉంది.

"పోయింది," అన్నాడు పోశం. "ముందుగాల అయిందట. పట్టీ చెప్పినట్టే అయింది."

"ముందుగాలనా? నాకు తొమ్మిది నిండలేదా?"

మూట విప్పాను. పిల్ల మూరెడు కూడా లేదు. ఒంటి మీద నూగు, మూసుకున్న కళ్ళు, నీలం పెదాలు. కాళ్ళు విడదీసి చూశాను. మగపిల్లాడు.

"అత్తా! నువ్వేమన్నవ్? ఆడపిల్లనలేదా?"

మల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. నా వైపు తిరగలేదు. "నాకు కండ్లు సరిగ్గ కనవడవు బిడ్డా. ఏమన్ననో ఏమో."

"పెద్దగున్నదనలేదా?"

"కనవడవన్న గదా!" అని అరిచి కొంగు నోట్లో కుక్కుకుంది. మా వరస ఫ్యాను ఆమె తల మీదే తిరుగుతోంది.

మర్నాడు.

చనిపోయినవాళ్ళను పాతగనిలో, ఇసుక నింపి మూసిన సొరంగంలో పెడతారు. పోశం తవ్వుతానన్నాడు. వద్దన్నాను. నేనే చేత్తో ఇసుక తీసి ఆ పిల్లాణ్ణి పెట్టాను. నా బిడ్డ కాదని తెలుసు. అయినా గుడ్డ తెరిచి ఒకసారి ముఖం చూసి మూశాను. వాడికి ఎవరో ఒకరు ఆ మాత్రం చెయ్యాలి కదా.

తిరిగొచ్చేటప్పుడు రొమ్ములు బరువెక్కి రవికె తడిసింది.

పాలు పడ్డాక.

అక్క వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"స్రవంతికి పాలు పడలేదు. పిల్ల ఏడుస్తున్నది. తనిఖీ ఆయన రేపో మాపో వస్తడు. నువ్వొచ్చి పట్టు."

"ఎవరి పిల్లే అక్కా?"

 అక్క వేళ్ళు మడుస్తూ, "లెక్కల ఉన్న ఒక్క కాన్పు చెడిపోతె కింది వరసలన్నిటికీ గాలి బందు. నీ మొగడు, నీ అత్త, ఈశ్వరి, అందరు ఉడికి సస్తరు. నీ కాన్పు ఎక్కడా రాసి లేదు. నేనేం చెయ్యాలె?" అంది.

"నాకు చెప్పాలె."

"చెప్తె ఇస్తుంటివా?"

"ఇయ్యకపోదును."

"అందుకే చెప్పలే."

చెంప మీద కొట్టాను. ఆమె కదలలేదు. రెండోసారి కొట్టడానికి చెయ్యెత్తితే రొమ్ముల్లోంచి పాలు కారి పొట్ట మీదికి జారాయి. చెయ్యి దించి, ఆమె వెనకే నడిచాను.

తెల్లగది గాలి వాసన లేకుండా ఉంది. మంచం మీద స్రవంతి నా కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు తన బిడ్డను ఎప్పుడూ చూపించలేదు. పెట్టెలో ఉంచి బరువు పెంచాం, ఇదిగో నీ పిల్ల అని ఇచ్చేశారు. నమ్మిందో, నమ్మాలనుకుందో.

"తొందరగ పట్టు," అంది. "నా పిల్లకు గొంతెండిపోతున్నది."

పట్టాను. నోరు తగలగానే లాక్కుంది. పిల్ల కడుపు నిండాక స్రవంతి చేతులు చాచింది. ఇచ్చేశాను. అలా రోజుకు ఆరేడుసార్లు వెళ్ళి, ఇచ్చి, తిరిగొచ్చాను. రెండోనాటికి పిల్ల నా అడుగుల చప్పుడుకే ఏడుపు ఆపడం మొదలుపెట్టింది. అది స్రవంతికి నచ్చలేదు. చెప్పులు విడిచి రమ్మంది.

తనిఖీ రోజు.

పై సంఘం నుంచి వచ్చిన ఆయన నడివయసు మనిషి. పైన ఎండకు చర్మం తోలులా మాడిపోయి ఉంది. మేనేజరు రాజలింగం ఆయన్ని తెల్లగదికి తెచ్చాడు. వెనక కళక్క. నేను పిల్లకు పాలిస్తూ మూలన కూర్చున్నాను. ఆయన పిల్లను అడిగి తీసుకుని, తూచి, మడమలు నొక్కి చూసి, నా చేతికే తిరిగిచ్చాడు.

"నెలలు నిండిన పిల్ల. బరువు బాగుంది. ఒకటి," అని చెప్పుకుని నా వైపు చూశాడు. "మీరు ఈ పిల్లకి ఏమవుతారమ్మా?"

రాజలింగం నోరు తెరిచాడు. నేను ముందే అన్నాను. "తల్లిని."

 స్రవంతి, "అబద్ధం!" అని కేక వేసింది. నేను ఆపలేదు. దీపాలు, పట్టీ తీసేయడం, చేదు నీళ్ళు, నా పిల్లను ఎత్తుకుపోవడం చెప్పాను. ఇసుక కింద పెట్టిన మగపిల్లాడి మాట మాత్రం అనలేదు. చెప్తూనే పోశం ముఖమూ, ఫ్యానూ గుర్తొచ్చాయి. అయినా ఆగలేదు.

ఆయన చివరిదాకా విన్నాడు. ఆశ్చర్యపోయాడు కానీ, నేననుకున్న దానికి కాదు.

"పట్టీలెందుకు తీసేశారు?"

కళక్క ముందుకొచ్చింది. "ముందుగాల పుట్టి చచ్చినోళ్లు లెక్కల పడితె గాలి కోస్తరని సార్."

"ఎవరు చెప్పారు?"

"నాకన్న ముందు ఈ గది చూసినామె."

"ఆమెకెవరు చెప్పారు?"

అక్క రాజలింగం వైపు చూసింది. రాజలింగం నేల చూపులు చూశాడు.

"పోయినవాళ్ళను మేమెప్పుడూ లెక్కపెట్టలేదమ్మా," అన్నాడాయన, మెల్లగా, కొంచెం విసుగ్గా. "బతికి, బరువుగా ఉన్న పిల్లలెందరో అంతే మాకు కావాలి. ఏ తల్లికి పుట్టిందనీ రాసుకోం. ఈ పిల్ల ఈమె ఒళ్ళో ఉన్నా, ఆమె ఒళ్ళో ఉన్నా మాకు ఒకటే. పట్టీ ఉన్నది వాపు ఎక్కడుందో వెతికి మందు వెయ్యడానికి, తిండి మార్చడానికి. తీసెయ్యడానికి కాదు." సంచీ సర్దుకుంటూ, "ఒక్క పిల్లేనా ఈ ఏడు? ఇంత పెద్ద గనిలో? ఈ ఒక్కదానితో గాలి అంతా నిలబడదు. కింది రెండు వరసలకు కొయ్యక తప్పదు," అని, ఇంకో గనికి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయాడు.

 వడకట్టిన గాలి సన్నగా ఈలవేస్తూ వస్తోంది. వెచ్చపెట్టె లోపల ఖాళీగా ఉండగా గడప బయట ఈశ్వరి కన్న పిల్ల అక్కకూ అప్పుడు గుర్తొచ్చి ఉండాలి. కూలబడిపోయింది.

"చెల్లే," అంది. "నేను ఒక్కసారన్న అడగలే. ఎవరినీ అడగలే."

పిల్లను రెండో రొమ్ముకు మార్చుకున్నాను.  

పిల్ల పాలు తాగడం ముగించింది. భుజాన వేసుకుని లేచాను. స్రవంతి ఎప్పటిలాగే చేతులు చాచింది.

"ఇయ్యి."

"ఇయ్య."

"మామా, చెప్పు! నా పిల్లను ఇయ్యమను!" రాజలింగం అప్పటికే గదిలో లేడు. ఆమె మంచం మీద మోకాళ్ళ మీద లేచి నా కొంగు పట్టుకుంది. "నా పిల్ల అది. పెట్టెల పెరిగింది. నాకిచ్చిన్రు. నాకు ఇంకేం మిగిలింది?"

మగపిల్లాడి మాట చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. చెప్పకపోతే ఆమె జన్మంతా నా కూతురి వైపే చూస్తూ ఉంటుంది. చెప్పడమే ఎక్కువ క్రూరమని తెలిసే చెప్పాను.

"నీకు కొడుకు పుట్టిండు స్రవంతీ. పాతగనిల ఇసుక కింద ఉన్నడు. నేనే పెట్టిన."

ఆమె పట్టు వదిలింది. 

"ఎట్లుండె?"

"మస్తు సన్నగుండె. ముక్కు నీదే."

స్రవంతి తన ముక్కు ముట్టుకుంది. తర్వాత కాళ్ళు కిందికి దించి, మంచం కింద చెప్పుల కోసం తడుముకోసాగింది. పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని, ఆమెను పాతగనికి తీసుకెళ్ళడానికి తలుపు దగ్గర నిలబడ్డాను.